కిలో అరకు గింజలు, తాగేది ఇద్దరమే. వానాకాలంలో ఎలా దాచాలి?

సముద్రపుగాలి | జూన్ 11, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మా అక్క కొడుకు అరకు వెళ్లి వస్తూ కిలో కాఫీ గింజలు తెచ్చాడు. పొడి కాదు, వేయించిన గింజలు. ప్యాకెట్ మీద వేయించిన తేదీ జూన్ 5 అని ఉంది. ఇంట్లో కాఫీ తాగేది మేమిద్దరమే, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఈ లెక్కన ఇది నెల దాటి వస్తుంది.

మాది విశాఖపట్నం. బీచి రోడ్డుకు దగ్గరలో ఉంటాం. వానలు మొదలైతే జాడీలో ఉప్పు నీరు కారుతుంది, అప్పడాలు పొద్దునకు మెత్తబడతాయి. ఇక ఈ గింజల గతి ఏమిటని నా భయం. అత్తగారు జాడీలో పోయమంటారు, మా వారు ఫ్రిజ్‌లో పెట్టమంటారు, పక్కింటావిడ ఒక్కసారే పొడి కొట్టి సీసాకు ఎత్తుకుంటే పని తీరిపోతుందంటారు. ప్యాకెట్ ముందువైపు చిన్న గుండ్రటి చిల్లు కూడా ఉంది. దానికి టేపు అంటించాలా? నా దగ్గర మిక్సీ తప్ప వేరే మర లేదు.

ఇత్తడిఫిల్టరు | జూన్ 11, రాత్రి 9:15

అమ్మా, దాచడం గురించి ఇంత ఆలోచన ఎందుకు? మేము వారానికి సరిపడా పొడి పట్టించుకుని వస్తాం, అయిపోగానే మళ్లీ వెళతాం. కిలో ఒకేసారి తేవడమే తప్పు. సగం తీసి తెలిసినవాళ్లకు పంచిపెట్టండి. మిగతాది తాజాగా తాగండి. మాలాంటివాళ్లం దీవిస్తాం.

రసాయనం | జూన్ 11, రాత్రి 10:02

పంచిపెట్టమనడం నిజానికి మంచి సలహాయే, నవ్వకండి. కాకపోతే అడిగినదానికి కూడా జవాబు చెబుదాం.

ముందు ఆ చిల్లు. అది చిల్లు కాదు, వాల్వ్. గింజను వేయించినప్పుడు లోపల కార్బన్ డయాక్సైడ్ పుట్టి గింజ గోడల్లో చిక్కుకుంటుంది. పొయ్యి దించిన తరువాత కూడా రోజుల తరబడి అది మెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది. దారి లేకుండా మూసేస్తే ప్యాకెట్ బుడగలా ఉబ్బి అతుకు దగ్గర విడిపోతుంది. వాల్వ్ లోపలి వాయువును వదులుతుంది, బయటి గాలిని రానివ్వదు. కాబట్టి బయట ఉంచే ప్యాకెట్‌కు టేపు వేయకండి.

ఇక గింజను పాడుచేసేవి గాలి, తేమ, వేడి, వెలుతురు. పుస్తకాల్లో నాలుగింటినీ ఒకే వరుసలో రాస్తారు గానీ మీ ఇంటికి వరుస వేరు. అల్మరాలో పెడతారు కనుక వెలుతురు సంగతి మరచిపోవచ్చు. మీ అసలు శత్రువులు గాలి, తేమ. వేయించిన గింజలో నీరు రెండు మూడు శాతానికి మించి ఉండదు. అంత పొడిగా ఉన్న వస్తువును విశాఖ వానాకాలపు గాలిలో తెరిచి పెడితే తేమను లాగుతూనే ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ ఇంకో దారిలో పని చేస్తుంది. గింజలో కొవ్వు తక్కువేమీ కాదు, అరబికా రకం కాఫీలో దాదాపు 15 శాతం ఉంటుంది. ఆ నూనె ఆక్సిజన్ తగిలి పాతబడుతుంది. సువాసననిచ్చే పదార్థాల్లో చాలావరకు అంతకంటే ముందే ఎగిరిపోతాయి.

చేతిమర | జూన్ 11, రాత్రి 10:31

పక్కింటావిడ సలహా మాత్రం వినకండి! ఒకేసారి పొడి కొట్టారంటే మిగతా జాగ్రత్తలన్నీ వృథా.

గింజగా ఉన్నంతసేపు వాసన, నూనె, వాయువు అన్నీ లోపలి గదుల్లో భద్రంగా ఉంటాయి. పొడి చేయడమంటే ఆ గదులన్నీ పగలగొట్టి గాలికి అప్పగించడం. మిక్సీ మూత తీయగానే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది చూడండి, ఆ ఘుమఘుమ మీ కప్పులోకి రావలసినది. గింజ వారాలు ఆగుతుంది, పొడి రోజుల్లోనే నీరసపడుతుంది.

మిక్సీ చాలు. చట్నీలకు వాడే చిన్న జారు తీసుకోండి, ఒక పూటకు కావలసిన గింజలు వేయండి, రెండు మూడు సెకన్లు తిప్పి ఆపండి, జారు కుదిపి మళ్లీ తిప్పండి. ఆపకుండా తిప్పితే బ్లేడు వేడెక్కి పొడి కూడా వేడెక్కుతుంది, పైగా సగం దుమ్ము, సగం రవ్వ అవుతుంది. ఫిల్టరుకు సన్నని రవ్వ కంటే కాస్త మెత్తగా ఉంటే సరిపోతుంది. దుమ్ము ఎక్కువైతే డికాక్షన్ దిగదు.

సముద్రపుగాలి | జూన్ 12, ఉదయం 6:50

రసాయనం గారూ, చేతిమర గారూ, ధన్యవాదాలు. పొడి కొట్టే ఆలోచన మానేశాను. ఇత్తడిఫిల్టరు గారూ, కాస్త మీ అడ్రసుకు కూడా పంపుతాను లెండి.

ఇప్పుడు జాడీ, ఫ్రిజ్ సంగతి తేల్చండి. ఉప్పు డబ్బాలో వేసినట్టు గింజల్లో చిన్న గుడ్డ మూటలో బియ్యం వేస్తే తేమ లాగేస్తుందని ఇంకొకరు చెప్పారు. నిజమా?

రసాయనం | జూన్ 12, ఉదయం 9:20

బియ్యం వద్దు. బియ్యంలోనే 12 శాతం పైగా నీరుంటుంది, మీ గింజల్లో అంతకంటే చాలా తక్కువ. ఒకే సీసాలో పెడితే తేమ ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి నడుస్తుంది. అంటే బియ్యం కాఫీని ఆరబెట్టడం పోయి, బియ్యమే కాఫీని తడుపుతుంది.

పాడేరుకొండ | జూన్ 12, మధ్యాహ్నం 1:45

మాది పాడేరు వైపు, ఇంట్లో కాఫీ తోట ఉంది. పట్నంలో దాచడం గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు, నేను మా ఊళ్లో గింజలను ఎలా చూస్తామో చెబుతాను.

పండ్లు కోసేది నవంబరు నుంచి, చలి ఉన్నన్నాళ్లూ. తోలు తీసి, కడిగి, ఎండలో ఆరబెట్టి తేమ 10, 11 శాతానికి దించుతారు. అలా ఆరిన గింజను పైపొర తీయకుండానే గోనె సంచుల్లో నిల్వ చేస్తారు. సంచులను నేల మీద పెట్టరు, గోడకు ఆనించరు, కింద చెక్కలు వేస్తారు. పచ్చి గింజ అలా ఒక ఏడాది నిలబడుతుంది. కానీ ఒక నియమం ఉంది. మా తోటల్లో నీడకు వేసిన సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగ పాకిస్తాం, కనుక మిరియాలు, కాఫీ ఒకే ఇంటికి వస్తాయి. అయినా రెంటినీ ఒకే గదిలో ఉంచనివ్వరు. ఎరువుల దగ్గర, కిరోసిన్ దగ్గర అసలే ఉంచరు. కాఫీకి పక్కవాళ్ల వాసన పట్టేస్తుంది.

పచ్చి గింజకే అలా పడితే వేయించినదానికి చెప్పాలా? అల్మరాలో పోపుల డబ్బా, ఇంగువ డబ్బా ఉన్న అర కాకుండా వేరే అర చూడండి.

ముత్యాలజల్లు | జూన్ 12, మధ్యాహ్నం 2:30

సముద్రపు గాలి తగిలితే కాఫీ రుచి పెరుగుతుందని ఎక్కడో చదివాను. ఓడల్లో వెళ్లిన గింజలకు అలా మంచి పేరు వచ్చిందట. మరి విశాఖవాళ్లకు భయమెందుకు?

పాడేరుకొండ | జూన్ 12, మధ్యాహ్నం 3:05

మీరు చదివింది మాన్‌సూన్డ్ మలబార్ గురించి. మంగళూరు వైపు, పడమటి తీరంలో, జూన్ నుంచి సెప్టెంబరు దాకా గోదాముల్లో గింజలను పరచి నైరుతి గాలికి వదులుతారు. గింజ ఉబ్బి, పాలిపోయి, పులుపు తగ్గుతుంది. అది పచ్చి గింజకు చేసే పని, రోజూ తిరగేస్తూ, సంచులు మారుస్తూ చేస్తారు. వేయించిన గింజను వరండాలో పెట్టి సముద్రం వైపు చూపిస్తే ఆ పేరు రాదు.

డల్లాస్‌తెలుగు | జూన్ 12, సాయంత్రం 6:12

ఇక్కడ మేము చాలామందిమి చేసే పద్ధతి: ఫ్రీజరు. ఫ్రిజ్ కాదు, ఫ్రీజరు, అంటే సున్నాకు 18 డిగ్రీలు కింద. గింజలను వారం పది రోజులకు సరిపడే పొట్లాలుగా విడదీసి, గాలి నొక్కేసి, గట్టిగా మూసి పెడతాం. కావలసినప్పుడు ఒక పొట్లం బయటికి తీసి, తెరవకుండా అలాగే గంటలపాటు ఉంచి, గది వేడికి వచ్చాక తెరుస్తాం. ఒకసారి బయటికి వచ్చినది మళ్లీ లోపలికి వెళ్లదు. ఇంతే సూత్రం.

తెరవకుండా అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. చల్లటి గింజ మీద బయటి గాలి తగలగానే ఆ గాలిలోని తేమ నీరై గింజకు అంటుకుంటుంది. డల్లాస్‌లోనే ఇది కనిపిస్తుంది, విశాఖలో అయితే గింజలు కళ్లెదుటే తడుస్తాయి.

ఇంకో ముచ్చట. 2016లో ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయంవాళ్లు, కాఫీ నిపుణులు కలిసి గింజలను రకరకాల చలిలో ఉంచి మర పట్టి చూశారు. గింజ ఎంత చల్లగా ఉంటే పొడి రేణువులు అంత సమానంగా వచ్చాయి. కాబట్టి ఒక్కో పూటకు ఒక్కో చిన్న పొట్లం కట్టుకునే ఓపిక ఉన్నవాళ్లు కరిగించకుండా నేరుగా మరలో వేసేయవచ్చు.

ఇత్తడిఫిల్టరు | జూన్ 12, సాయంత్రం 7:40

డల్లాస్‌తెలుగు గారి ఫ్రీజరులో ఐస్‌క్రీమ్ ఉంటుంది. విశాఖలో ఫ్రీజరు తలుపు తీస్తే వంజరం ముక్కలు, రొయ్యలు ఉంటాయి. వాటి పక్కన కాఫీ గింజలా! పైగా గాలివాన వస్తే మధ్యాహ్నం పోయిన కరెంటు రాత్రికి గానీ రాదు. పాడేరుకొండ గారు ఇప్పుడే చెప్పారు కదా, మిరియాల పక్కనే ఉంచరని.

డల్లాస్‌తెలుగు | జూన్ 12, రాత్రి 8:55

మంచి ప్రశ్నే. పల్చటి పాలిథీన్ కవరులో కట్టి పెడితే మీరన్నట్టే అవుతుంది, ఎందుకంటే మామూలు పాలిథీన్ వాసనను, గాలిని ఎంతోకొంత పోనిస్తుంది. లోపల రేకు పూత ఉన్న కాఫీ ప్యాకెట్టో, గట్టి మూత ఉన్న గాజు సీసానో అయితే రొయ్య వాసన గింజను చేరదు. నేను ప్యాకెట్‌ను ఇంకో మందపాటి జిప్ కవరులో కూడా పెడతాను. గాజు సీసా వాడితే మరీ అంచు దాకా నింపకండి.

కరెంటు సంగతి: తలుపు తీయకుండా ఉంచితే నిండుగా ఉన్న ఫ్రీజరు చాలాసేపు చల్లగానే ఉంటుంది. అంతసేపూ కరెంటు రాకపోతే ముందు దిగులు పడవలసింది వంజరం గురించి. గింజలు మూసే ఉన్నాయి కనుక కాస్త వెచ్చబడి మళ్లీ చల్లబడినా కొంపలు మునగవు.

రసాయనం | జూన్ 12, రాత్రి 9:30

ఫ్రిజ్‌కూ ఫ్రీజరుకూ తేడా మళ్లీ మళ్లీ కలిసిపోతోంది, కాస్త వివరంగా రాస్తాను.

వేడి పది డిగ్రీలు తగ్గితే ఇలాంటి రసాయన చర్యల వేగం సుమారు సగమవుతుందని ఒక మోటు లెక్క ఉంది. వంటింట్లో 32 డిగ్రీలు అనుకుంటే ఫ్రిజ్‌లో 4, ఫ్రీజరులో మైనస్ 18. కాగితం మీద ఫ్రీజరు ఎన్నో రెట్లు మేలు, ఫ్రిజ్ కూడా మేలే. కానీ ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లు ఏం చేస్తారు? రోజూ డబ్బా తీస్తారు, మూత తెరుస్తారు, చెంచాతో తోడుతారు, మళ్లీ లోపల పెడతారు. తెరిచిన ప్రతిసారీ చల్లటి గింజ మీద తేమ చేరుతుంది. దానికి తోడు తరిగిన ఉల్లిపాయలు, మొన్నటి సాంబారు వాసన. చలి వల్ల వచ్చిన లాభం మూత వల్ల పోతుంది. సీలు తీయని ప్యాకెట్ ఫ్రిజ్‌లో ఉంటే హాని లేదు. రోజూ వాడే డబ్బా అక్కడ ఉండకూడదు. దాని చోటు అల్మరాయే.

ఫ్రిజ్ పైన కూడా పెట్టకండి, అక్కడ మోటారు వేడి తగులుతుంది. పొయ్యి పక్క గట్టు, కిటికీ అంచు కూడా అంతే.

గోల్కొండకాఫీ | జూన్ 13, ఉదయం 7:10

మాకు హైదరాబాద్‌లో తేమ కంటే ఎండాకాలపు వేడితోనే తంటా. మే నెలలో మధ్యాహ్నం వంటింట్లో గింజలు నూనె కక్కుతాయి. బాగా నల్లగా వేయించినవి మరీను, వాటికి నూనె ముందే పైకి వచ్చి ఉంటుంది కనుక త్వరగా పాడవుతాయి. మధ్యస్థంగా వేయించినవే కొంటున్నాను. పడకగది అల్మరాలో, బట్టల వెనక పెడతాను. నాఫ్తలీన్ గుళికలు లేని అల్మరా అని వేరే చెప్పనక్కరలేదు.

అమ్మమ్మజాడీ | జూన్ 13, ఉదయం 10:25

జాడీని ఎవరూ పట్టించుకోలేదు! పింగాణీ జాడీ వెలుతురు రానివ్వదు, చల్లగా ఉంటుంది. మంచిదే కదా?

చేతిమర | జూన్ 13, ఉదయం 11:00

పింగాణీ మంచిదే, దాని మూతతోనే చిక్కు. పచ్చడి జాడీ మూత ఊరికే పైన కూర్చుంటుంది, అందుకే గుడ్డ వాసెన కడతాం. పచ్చడికి ఉప్పు, నూనె కాపలా ఉంటాయి, గింజకు ఎవరున్నారు? పైగా ఎన్నిసార్లు కడిగినా ఆవకాయ పెట్టిన జాడీలో ఆవకాయ ఉండనే ఉంటుంది.

డబ్బా ఏదైనా సరే, ఒక పరీక్ష చేయండి. సగం నీళ్లు పోసి, మూత పెట్టి, తలకిందులు చేసి పట్టుకోండి. బొట్టు కారితే గాలి కూడా దూరుతుంది. మన స్టీలు డబ్బాల్లో చాలావరకు ఇక్కడే తప్పుతాయి. రబ్బరు వలయం ఉన్న మూతలు, మరమూత గాజు సీసాలు సాధారణంగా నెగ్గుతాయి. తరువాత బాగా ఆరబెట్టడం మరవకండి.

ఇంకొకటి, పెద్ద డబ్బాలో కొన్ని గింజలు పోసి మూత బిగించి సంతోషపడకండి. మిగతా చోటంతా గాలే. గింజలు తగ్గుతున్నకొద్దీ చిన్న సీసాలోకి మార్చాలి. లేదంటే వచ్చిన ప్యాకెట్‌లోనే ఉంచి, ప్రతిసారీ పైభాగం చుట్టచుట్టి, గాలి నొక్కి, క్లిప్పు పెట్టండి. వాల్వ్ ఉన్న ప్యాకెట్ బజారులో దొరికే చాలా డబ్బాల కంటే మెరుగు. దాన్ని పారేసి గింజలను అందమైన సీసాలోకి ఒంపేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది.

పొడిప్రియ | జూన్ 13, మధ్యాహ్నం 12:15

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నేను చికోరీ (ఒక మొక్క వేరును వేయించి చేసే పొడి) కలిపిన కాఫీ పొడి కొంటాను. వానాకాలంలో సీసాలో గడ్డకట్టి, చెంచాతో పొడవవలసి వస్తోంది. కాఫీ పాడైనట్టా?

రసాయనం | జూన్ 13, మధ్యాహ్నం 12:50

గడ్డకట్టడానికి ముఖ్య కారణం చికోరీ. అది కాఫీ కంటే ఆత్రంగా తేమను పీలుస్తుంది. ప్యాకెట్ మీద ఎంత శాతమో రాసి ఉంటుంది చూడండి. మన దేశంలో ఆ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని నియమం, మిగతాదంతా చికోరీ కావచ్చు. శాతం ఎక్కువైతే గడ్డ కూడా ఎక్కువ. తడి చెంచా పెట్టకండి, ఉడుకుతున్న పాలగిన్నె మీదుగా సీసా తెరవకండి. ఆ ఆవిరి నేరుగా లోపలికి పోతుంది. రుచి చప్పబడకపోతే గడ్డలు నలిపి వాడుకోవచ్చు. బూజు వాసన వస్తే మాత్రం పారేయండి.

ఇత్తడిఫిల్టరు | జూన్ 13, మధ్యాహ్నం 1:20

చికోరీ లేకపోతే డికాక్షన్‌కు ఆ చిక్కదనం, ఆ రంగు ఎక్కడివి? చికోరీని తిట్టేవాళ్లెవరైనా ఉంటే ముందుకు రండి.

నిర్వాహకులు | జూన్ 13, మధ్యాహ్నం 1:35

చికోరీ తగవుకు పాత చర్చ ఒకటి ఇంకా రగులుతూనే ఉంది, అందరూ అక్కడికి దయచేయండి. ఇక్కడ గింజల నిల్వ మాత్రమే.

సముద్రపుగాలి | జూన్ 13, రాత్రి 9:05

అన్నీ చదివి ఇలా అనుకుంటున్నాను. పావుకిలో అదే ప్యాకెట్‌లో ఉంచి, చుట్టి క్లిప్పు పెట్టి, పడకగది అల్మరాలో పెడతాను. పావుకిలో మా అక్కకు. మిగతా అరకిలోను రెండు భాగాలు చేసి ఫ్రీజరుకు పంపుతాను. ఇంట్లో పాత కాఫీ ప్యాకెట్లు రెండున్నాయి, వాటికీ వాల్వ్ ఉంది. ఫ్రీజరుకు వాటిని వాడవచ్చా? ఇప్పుడే పెట్టాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా?

డల్లాస్‌తెలుగు | జూన్ 13, రాత్రి 10:20

వాడవచ్చు, ముందు లోపల అంటిన పాత నూనెను పొడి గుడ్డతో బాగా తుడవండి. పాత నూనె వాసన వస్తుంటే ఆ ప్యాకెట్ వద్దు. ఫ్రీజరుకు వెళ్లేదానికి మాత్రం వాల్వ్ మీద టేపు వేయండి. బయట వద్దన్నది ఇక్కడ కావాలి. చల్లబడేకొద్దీ లోపలి వాయువు కుంచించుకుని బయటి గాలిని లాగాలని చూస్తుంది, అన్ని వాల్వ్‌లూ అప్పుడు గట్టిగా నిలబడవు. ఆ పైన జిప్ కవరు.

వేయించి వారం దాటింది కదా, ఇదే సరైన సమయం. మొదటి రోజుల వాయువు ఉధృతి తగ్గింది, సువాసన నిండుగా ఉంది. ఫ్రీజరు గింజను బాగుచేయదు, ఉన్న స్థితిలో నిలబెడుతుంది. పాతబడ్డాక పెట్టి లాభం లేదు.

ఇత్తడిఫిల్టరు | జూన్ 14, ఉదయం 6:30

ఫ్రీజరు గురించి నేనింకా ఒప్పుకోలేదు. కానీ గింజ బతికి ఉందో లేదో తెలుసుకునే పద్ధతి చెబుతాను, దానికి విశ్వవిద్యాలయం అక్కరలేదు.

ఫిల్టరులో పొడి వేసి కొద్దిగా మరిగిన నీళ్లు పోయండి. తాజా పొడి అయితే నురుగుతో పైకి పొంగుతుంది, బుడగలు వస్తాయి. పాతదైతే నీరు తాగి చప్పగా కూర్చుంటుంది. పొంగు ఉంటే గింజలో వాయువు ఇంకా ఉందన్న మాట. మరీ నిన్న మొన్న వేయించినదైతే ఆ పొంగే అడ్డొచ్చి నీరు పొడిలోకి సరిగా దిగదు, డికాక్షన్ పలచన అవుతుంది. అందుకే వేయించిన మూడు నాలుగు రోజుల దాకా మా ఇంట్లో ప్యాకెట్ విప్పం.

ఫ్రీజరులోంచి తీసిన పొట్లంతో ఇదే చేసి చూడండి. పొంగితే మీరు గెలిచినట్టు. ఇక్కడ రాయండి.

ముత్యాలజల్లు | జూన్ 14, ఉదయం 8:45

పొంగనివాటిని మూకుడులో మళ్లీ కాస్త వేయిస్తే తాజా అవుతాయా?

చేతిమర | జూన్ 14, ఉదయం 9:10

కావు. పట్టిన తేమ పోతుంది, పోయిన వాసన రాదు, పైగా మాడు రుచి చేరుతుంది. పాతబడినవాటిని చక్కెర, పాలు ఎక్కువ వేసి చల్లటి కాఫీకి వాడేయండి. నూనె చెడిన వాసన వస్తుంటే అదీ వద్దు.

సముద్రపుగాలి | జూన్ 14, సాయంత్రం 5:20

టేపులు వేసి, తేదీలు రాసి, రెండు పొట్లాలు ఫ్రీజరులో పెట్టాను. ఇత్తడిఫిల్టరు గారూ, మీ పరీక్ష అల్మరా ప్యాకెట్‌కు చేశాను, పొడి ఫిల్టరు అంచు దాకా లేచింది. ఇప్పుడొక కొత్త చిక్కు: నా చిన్న జారు అల్లం వెల్లుల్లి ముద్దకు వాడేదే. ఎంత కడిగినా కాఫీలో కాస్త వెల్లుల్లి తగులుతోంది.

చేతిమర | జూన్ 14, సాయంత్రం 5:48

గుప్పెడు పచ్చి బియ్యం వేసి మెత్తగా తిప్పి పారేయండి, పిండి ఆ వాసనను చాలావరకు పట్టుకుపోతుంది. మూతకున్న రబ్బరు వలయం ఊడదీసి విడిగా కడిగి ఎండలో పెట్టండి, వెల్లుల్లి కాపురముండేది అందులోనే. అయినా వదలకపోతే కాఫీకి వేరే జారు కొనడమే.

పాడేరుకొండ | జూన్ 14, రాత్రి 7:15

జారు ధరకు ఇంకాస్త కలిపితే చేతితో తిప్పే చిన్న మర వస్తుంది. కరెంటు పోయిన పొద్దున కూడా పనిచేస్తుంది.